కాపు ముందున్న కొండ

మొన్న మా కొడుకు కూతురు కాలేజీలో చేరడానికి కులధ్రువీకరణ పత్రం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. పాపం, దానికోసం ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. 'కొండ కాపు, షెడ్యూల్డు తెగ' అని టైపు చేసి, కింద గుండ్రటి ముద్ర కొట్టి ఇచ్చారు. కళ్ళజోడు లేక నేను ఆ అక్షరాల్ని వేలితో తడుముతుంటే, చెమట అంటితే మళ్ళీ తిరగాలని విసుక్కుని లాక్కుంది. దానికి ఆ మాట హక్కు. మా తాతకి మాత్రం అందులో సగం తిట్టు. ఆ తిట్టుని ఆయన నలుగురిలో నిలబడి తన నోటితో తనే ఒప్పుకున్న రోజున నేను మా మామ్మ చంకలో పిల్లని. అక్కడ ఉన్నాననేగాని చూశానని చెప్పలేను. మామ్మ చెప్పగా చెప్పగా నేను చూసినట్టే అయిపోయింది.

పంతొమ్మిది వందల ఇరవైల్లో సంగతి. మాది పెదబయలుకి పైన, అక్కడి సంతకి వెళ్ళిరావడానికి ఒక పగలు పట్టే ఊరు. కొండవాగుని మేం గెడ్డ అంటాం. ఆ గెడ్డ పక్కన తాతకి ఒక పల్లం ఉండేది. ఊళ్ళో మిగతావాళ్ళు కొండవాలున పోడు కొట్టుకుంటుంటే, ఈయన ఆ పల్లంలో గట్లు వేసి, ఎడ్లు కట్టి దున్ని, వరి పండించేవాడు. ఇల్లంతటికీ తిండి అదే. అంత పనిమంతుణ్ణి కనక తనని అందరూ కాపు అనాలని ఆయనకి మహా కోరిక. మా జాతి పేరు ఎలాగూ కొండ కాపే. ముందున్న కొండని మాత్రం ఆయన మింగేసేవాడు. ఎందుకంటే సంతలో మైదానం వర్తకులు మావాళ్ళని "ఒరే, కొండోడా" అని పిలిచేవారు. ఆ పిలుపుకి తాత పలికేవాడు కాదు. భుజాన చింతపండు కావడితో, చెవుడు వచ్చినవాడిలా నడిచిపోయేవాడట. సాయంత్రానికి సగం చింతపండు మళ్ళీ ఇంటికి చేరేది. మా ఇంట్లో జమీందారు పుట్టాడని మామ్మ సణుక్కుంటూ దాన్ని మళ్ళీ కుండకెత్తేది.

ఒక ఏడు ఊరి జాబితా రాయడానికి గుమాస్తా వచ్చి, జాతి ఏమిటని అడిగాడు. తాత తలపాగా సర్దుకుని కాపు అన్నాడు. గుమాస్తా అలాగే రాసుకుపోయాడు. కొండ మాట చెప్పలేదేమని పక్కింటివాళ్ళు అడిగితే, కొండ మీద నిలబడి కొండ అని వేరే చెప్పాలా అన్నాట్ట. అసలు సంగతి ఆయనకీ తెలుసు, మామ్మకీ తెలుసు.

ఆ మరుసటేడు సంత షావుకారు ఒకడు, పల్లం ఒక్క ఏడాది కౌలుకి కావాలని బతిమాలి, కాగితం మీద తాతచేత వేలిముద్ర వేయించుకున్నాడు. గడువు తీరాక వదలమంటే, నువ్వు అమ్మేశావుగా, ఇందులో రాసి ఉంది చూసుకో అన్నాడు. చూసుకోవడానికి తాతకి చదువేదీ? కొండజాతివాళ్ళ భూమి బయటివాళ్ళకి అమ్మితే చెల్లదని అప్పటికే సర్కారు చట్టం ఉంది. అది షావుకారుకి మాకన్నా బాగా తెలుసు. అందుకే ఊరి జాబితాకి నకలు తీయించి దగ్గర పెట్టుకున్నాడు. అందులో తాత వట్టి కాపు. అంటే మైదానంవాడు, చట్టం ఆయనకి వర్తించదు, అమ్మకం చెల్లుతుంది. గొప్పకి పోయి మింగిన ఒక్క మాటకి పల్లమే పోయేలా ఉంది.

సర్కారు అధికారి పెదబయలులో గుడారం వేసుకుని తగువులు వింటున్నాడని తెలిసి, తాతా మామ్మా నన్ను చంకనేసుకుని బయల్దేరారు. దారిలో మామ్మ ఒకే ఒక్క మాట అందట: "కొండ అను, సాలు. పేనం పోదు." తాత తలపాగా బిగించుకుని ముందు నడిచాడు. తీరా గుడారం ముందు సంత జనమంతా చూస్తుండగా షావుకారు ఎదురొచ్చి, చేతులు జోడించి, "కాపుగారూ, రండి, ఇలా కూర్చోండి" అన్నాడు. ఇన్నేళ్ళుగా తాత చెవులు దేనికోసం కాచుకుని ఉన్నాయో ఆ మాటే అది, 'గారు'తో సహా. బెంచీ మీద చోటు కూడా చూపించాడట. తాత కూర్చోలేదు. నువ్వు కాపువేనా అని అధికారి అడిగాడు. తాత ఇంకా ఆ బెంచీ వంకే చూస్తున్నాడు. ఆయన్ని గిల్లే వీలు లేక మామ్మ నన్ను గిల్లింది. నేను గుక్కపట్టి ఏడ్చాను. ఆ కేసులో నా సాక్ష్యం అంతే.

"కాపునే బాబూ," అన్నాడట తాత చివరికి. "కొండ కాపుని. ఈ సావుకారు ఇన్నేళ్ళూ నన్ను కొండోడా అనే పిలిసినాడు. గారు అన్నది ఈయేలే."

జనంలో ఎవరో ఫక్కుమన్నారు. అధికారి ఊరి పెద్దని పిలిచి అడిగి, జాబితాలో కాపు ముందు కొండ రాయించాడు. అమ్మకం కాగితం చెల్లదన్నాడు. పల్లం మాకు దక్కింది.

మామ్మ ఇంటికి బేగి పోయి కోడిని కొయ్యాలని తొందరపడింది. తాత మాత్రం దారిలో గెడ్డ దగ్గర ఆగి, నీళ్ళు తాగి, రాతి మీద కూలబడ్డాడట. ఏటయిందని మామ్మ అడిగితే అన్నాడు: "ఏటీ లేదే. అబద్దమే గానీ, ఆడు గారు అంటే ఇనడానికి బాగుందే." మామ్మ ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడ మాత్రం నవ్వేది కాదు. నాకూ నవ్వు రాదు, ఏడుపొస్తుంది.

నేను పెద్దయి పెదబయలు బడిలో పాఠాలు చెబుతున్నప్పుడు, మైదానం వర్తకుడొకాయన కూతుర్ని బళ్ళో వేయడానికి తీసుకొచ్చి, కొండ కాపు టీచరుగారు ఉన్నారా అని గుమ్మంలో నిలబడి అడిగాడు. పల్లం ఒక్క పూటలో తిరిగొచ్చింది గాని, కొండ పక్కకి గారు నడిచి రావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. అప్పటికి తాత లేడు.