టాన్సిల్స్ తీయించుకున్న తారీకు

మా మధురవాడలో ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఐస్‌క్రీము కొట్లు నాలుగున్నాయి, కానీ ఏ ఒక్కదాంట్లోనూ ఉత్త వెనిలా దొరకదు. ఒకదాంట్లో జీడిపప్పు, ఒకదాంట్లో బిస్కెట్టు ముక్కలు, ఇంకోదాంట్లో అదేమిటో కొట్టాయనకే తెలియని కరకరలాడే పదార్థం. ఏమీ కలపనిది కావాలయ్యా అంటే, ఆయన నన్ను షుగరు మనిషి కింద జమకట్టి, జాలిపడి, పక్కనున్న మందుల షాపు చూపించాడు. పళ్ళున్నవాళ్ళ కోసమే లోకం నడుస్తోందని ఈ వయసులో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు గానీ, నేనడిగింది నా కోసం కాదు, మా కోడలి కోసం.

మా కోడలు ఇక్కడే ఒక కంప్యూటరు ఆఫీసులో పనిచేస్తుంది. రెండేళ్ళుగా నెల తప్పితే నెల గొంతు వాచి, జ్వరమొచ్చి, మంచమెక్కుతుంటే చివరికి టాన్సిల్స్ తీసెయ్యాలన్నారు. ఇంట్లో పెద్దవయసులో ఆ భాగ్యం అనుభవించినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, మరీ అంత నొప్పిగా ఉంటుందా మామయ్యా అని నన్నడిగింది. కాస్త ఇబ్బందిగా ఉంటుందమ్మా, అంతే అన్నాను. నా జన్మలో ఆడిన పెద్ద అబద్ధాల్లో అది రెండోది. మొదటిది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో గొంతునొప్పికి ముందు ఉప్పునీళ్ళు, తర్వాత పసుపు పాలు, తర్వాత మిరియాల కషాయం, అప్పటికీ తగ్గకపోతే మెడకో ఉన్ని మఫ్లరు. చలి అనేదాన్ని పేపర్లో చదవడమే తప్ప ఎరగని విశాఖపట్నంలో ఆ మఫ్లరు చుట్టుకుని నేను షిఫ్టుకు వెళుతుంటే, కశ్మీరు బండి ఎన్ని గంటలకు అని బస్సులో వాళ్ళు అడిగేవారు. పోర్టు వైపు నుంచి ఇనుప ఖనిజం దుమ్ముతో గాలి తిరిగితే, ఉతికి ఆరేసిన తెల్ల బనీను సాయంత్రానికి టీలో ముంచి తీసినట్టయ్యేది. బనీనుకే అలా అయితే గొంతుకెలా ఉంటుందో ఆలోచించుకో అని పాతవూళ్ళో నేను చూపించుకునే గొంతు డాక్టరుగారు అనేవారు. ముప్పై నాలుగేళ్ళు వచ్చేసరికి ఆయన నా మీద ఆశ వదులుకుని, ఇక తీసెయ్యడమే మేలన్నారు. అయితే తొందరేం లేదని, ఈ నెల కాకపోతే వచ్చే నెల చేయించుకున్నా కొంపలేమీ మునిగిపోవని, చేయించుకున్నాక పది రోజులు మాత్రం నోరు మెదపకూడదని కూడా అన్నారు. ఈ మూడు మాటలూ కాస్త గుర్తుపెట్టుకోండి.

అప్పుడు నేను ఒక ప్రైవేటు రోలింగు మిల్లులో షిఫ్టు గుమస్తాను. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మ ఒకవైపు వెళ్ళి రెండోవైపు ఊచలై వచ్చేది, నేను మధ్యలో కూర్చుని షిఫ్టు డైరీ రాసేవాణ్ణి. బీయస్సీ చదివినవాడికి అంతకన్న ఉపయోగం ఆ మిల్లుకు తోచలేదు. తీరిక వేళల్లో క్యాంటీను బల్ల దగ్గర అందరినీ నవ్వించేవాణ్ణి. ఆ పనికి జీతం లేదు గానీ పేరుండేది.

ఆ బల్ల దగ్గరే పరిచయం మా బావ. బంధుత్వమేమీ లేదు. మా వైపు ఇద్దరు మగాళ్ళు ఒక బల్ల మీద రెండుసార్లు టీ తాగితే బావలైపోతారు. శ్రీకాకుళం వైపు రైతుబిడ్డ. మిల్లు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేనులో, ఆ పైన గూట్లో కూర్చుని, ఊచల కట్టలు ఎత్తి దించడం ఆయన పని. కట్ట ఎత్తే ఇనుప తాడు పోగులు తెగుతున్నాయని వరసగా రెండు షిఫ్టులు ఆయన పైనుంచి కేకేస్తే, రెండుసార్లూ డైరీలో ఎక్కించింది నేనే. తాడు మార్చలేదు. మూడోనాడు తెగింది. అదృష్టం బాగుండి కింద మనుషుల్లేరు, ఒక మోటారు మాత్రం నుజ్జయింది. క్రేను నిర్లక్ష్యంగా నడిపాడని బావకు ఛార్జిషీటు వచ్చింది. ఇంకా సగం తెల్లకాగితాలున్న నా డైరీ నిండిపోయిందని చెప్పి కొత్తది తెచ్చి పెట్టారు. పాతది ఎక్కడికి వెళ్ళిందో మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

ఇలాంటి వాటికి మిల్లులోనే ఎంక్వయిరీ జరిగేది. నేరం మోపేదీ వాళ్ళే, విచారించేవాణ్ణి పెట్టేదీ వాళ్ళే. బయటి వకీళ్ళను రానివ్వరు గానీ, తన తరఫున మాట్లాడడానికి కార్మికుడు తోటి ఉద్యోగినొకణ్ణి తెచ్చుకోవచ్చు. బావ నన్ను అడిగాడు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి, డైరీ రాసినవాణ్ణి, పైగా వాగుడుకు పేరుపడ్డవాణ్ణి.

“నాకు నోరు నేదు బావ. నీకున్నాది. ఇద్దరికీ కలిపి ఒకటి సాలు,” అన్నాడు.

సరేనన్నాను. గురువారం ఎంక్వయిరీ అని నోటీసు వచ్చింది. వచ్చిన మర్నాడే మేనేజరుగారు నన్ను పిలిపించి, గొంతు ఎలా ఉందని అడిగారు. నా టాన్సిల్స్ గురించి మా అమ్మ కూడా అంత ఆప్యాయంగా ఎన్నడూ అడిగి ఎరగదు. ఆరోగ్యం విషయంలో వాయిదాలు పనికిరావని, సెలవు సంగతి తాను చూసుకుంటానని, అన్నట్టు ఆఫీసరు పోస్టుకు పేర్లు పంపే వేళయిందని, ఇవన్నీ ఒకే ఊపిరిలో చెప్పారు. బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు, అంతే. ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆ కుర్చీలో నేను కూర్చోవడం అదే మొదలు. మెత్తగా ఉంది.

అక్కణ్ణుంచి తిన్నగా డాక్టరుగారి నర్సింగుహోముకు వెళ్ళి, వచ్చే మంగళవారం చేసెయ్యమని అడిగాను. అక్కడి కంపౌండరు రిజిస్టరు తీసి, కళ్ళజోడు మీంచి నన్ను ఎగాదిగా చూశాడు. మంగళవారం నాడు ఒంటికి కత్తి తగిలించుకునే మనిషి ఈ జిల్లాలో ఉండడట. ఆరోజు డాక్టరుగారు పేకాడుకుంటారట. మంగళవారం కావాలని అడిగి రాయించుకున్న పేషెంటు తన సర్వీసులో నేనొక్కణ్ణేనన్నాడు. చదువుకున్నవాణ్ణి, ఇలాంటివి నమ్మను అని చెప్పి, ఆ పేజీలో అడ్వాన్సు రాయించుకుని వచ్చాను. మా ఆవిడ ఏడ్చి గొడవ చేస్తే ఆవిడకు మూఢనమ్మకాల మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆ గొంతుతో నేనిచ్చిన ఆఖరి ఉపన్యాసం అదే. బావకు మాత్రం, డాక్టరు ఉన్నట్టుండి మంగళవారం అనేశాడని, ఇప్పుడు కాకపోతే ప్రమాదమన్నాడని చెప్పాను. అదీ ఆ మొదటి అబద్ధం. మంగళవారమా, అని మాత్రం అన్నాడు బావ.

సోమవారం రాత్రి నుంచి పస్తు, పొద్దున రక్తపరీక్ష, వెనక తాళ్ళు కట్టే ఆకుపచ్చ గౌను, కాగితం మీద మా ఆవిడ సంతకం, ముఖం మీద మూత, అంకెలు లెక్కపెట్టమన్నారు, ఆరు దాకా గుర్తుంది. మెలకువ వచ్చేసరికి నోటి నిండా రక్తపు రుచి. డాక్టరుగారు ఓ చిన్న సీసా ఎత్తి చూపించారు. అడుగున రెండు చింతపిక్కలంత కండలు. ఇంత చిన్నవాటి వెనక ఇంత పెద్ద మనిషి ఎలా దాక్కున్నాడా అని నాకే ఆశ్చర్యమేసింది.

పిల్లలకైతే ఈ ఆపరేషను వారంలో మరుపున పడుతుందంటారు. పెద్దవాళ్ళకు మాత్రం ఉమ్మి మింగడమంటే తుమ్మకంప మింగడమే. మింగిన ప్రతిసారీ పోటు గొంతులోంచి చెవుల్లోకి పోయేది. చల్లటి పాలు, సగ్గుబియ్యం జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, కారం అన్న మాట నాలుగు వారాలు ఇంట్లో వినబడకూడదు. మా వాడి బడి పలక నా ఒళ్ళో పెట్టి, ఏం కావాలన్నా దానిమీద రాయమంది మా ఆవిడ. మజ్జిగ అని రాసేవాణ్ణి, ఫ్యాను అని రాసేవాణ్ణి. కత్తి పడింది గొంతుకే గానీ చేతికి కాదని, ఆ చేత్తోనే, తాడు సంగతి రెండుసార్లు డైరీలో రాసింది నిజమని ఓ కాగితం రాసి గురువారానికి పంపవచ్చని నాకు తట్టకపోలేదు. తట్టింది. మజ్జిగ అని రాశాను.

గురువారం పొద్దున ఇంటికి పంపించారు. ఆ సాయంత్రమే బావ వచ్చాడు. ఎంక్వయిరీ ముగించుకుని, జగదాంబ దగ్గర ఐస్‌క్రీము ఇటుక కొని, న్యూస్‌పేపర్లో చుట్టి, రెండు బస్సులు మారి గాజువాకలో మా అద్దెపోర్షనుకు వచ్చేసరికి అది పాలైపోయింది. మా ఆవిడ దాన్ని గ్లాసులోకి వంచి ఇచ్చింది. ఉత్త వెనిలా. బావ మంచం కాళ్ళవైపు కూర్చుని, ఎవరికో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. నీ తరఫు మనిషేడని అడిగారట, గొంతు ఆపరేషనైందని చెప్పాడట, సహాయకుడు అక్కర్లేదన్నాడని రాసుకుని సంతకం తీసుకున్నారట, అంతా కలిపి అరగంట. నేను పలక అందుకోబోతే, ఆయాసపడొద్దని చేత్తో ఆపి,

“నువ్వు మాటాడకు బావ, తాగు,” అన్నాడు.

నేను తాగాను. తాగి, పలక తుడిచి, బాగుంది అని రాసి చూపించాను.

నెల తిరక్కుండా ఆయన్ని తీసేశారు. మూడు నెలలకు నేను ఆఫీసరునయ్యాను. ఆఫీసర్ల భోజనాల బల్ల వేరు. అక్కడ నా జోకులకు ఎవరూ నవ్వేవారు కాదు, గొంతు మారాక నాకూ వేసే సరదా పోయింది. పదేళ్ళకు మిల్లు మూతపడింది, నా కుర్చీ కూడా తుక్కుతోపాటు లారీ ఎక్కింది. ఈలోగా బావ లారీలకు లోడింగు చేశాడు, అచ్యుతాపురంలో కాంట్రాక్టరు కింద బరువులు ఎత్తాడు, నడుం పడిపోయాక పరవాడలో కూతురి దగ్గర చేరాడు. ఇన్నేళ్ళలో నాతో రాకపోకలు మాత్రం మానలేదు. అది నా అదృష్టమనుకుంటూ వచ్చాను.

మా కోడలి ఆపరేషను బాగానే జరిగింది. పదకొండో రోజు, మొన్న ఆదివారం, బావ చూడ్డానికి వచ్చాడు, చేతిలో ఐస్‌క్రీము డబ్బా, ఉత్త వెనిలా. పరవాడలో దొరుకుతుందట. ఈమధ్యే మాటలు మొదలుపెట్టిన మా కోడలు, ఆఫీసు పని తెమలక ఫోనులోనే రెండుసార్లు తేదీ మార్చుకున్నానని, మునుపటిలా ఎవరినీ బతిమాలక్కర్లేదని ఆయనకు చెబుతోంది. నిజమే, ఇప్పుడు రిజిస్టర్లు లేవు, కళ్ళజోడు మీంచి చూసే కంపౌండర్లు లేరు, ఎవరు ఏ రోజు ఎందుకు కోరుకున్నారో గుర్తుపెట్టుకునే మనిషే లేడు. ఎంత హాయి. మా కాలంలో ప్రతిదానికీ ఒక సాక్షి ఉండేవాడు.

బావ ఆ అమ్మాయి మాటలకు నవ్వి, డబ్బా మూత తీసి ఆమె చేతికిచ్చి, చెంచా వెతుకుతున్న నా వైపు తిరిగాడు.

“ఆ సోమారం సాయంత్రం నాను ఆస్పత్రికెల్లి, మావోడికి మూడ్రోజులు ఆగి సెయ్యండి బాబూ అని కాళ్ళావేళ్ళా పడినాను. మంగళారం నువ్వే అడిగి రాయించుకున్నావని ఆ కంపౌండరు అప్పుడే సెప్పీసినాడు బావ.”