రిపోర్టులో చివరి వరుస

నిన్న ఆసుపత్రి ల్యాబు ముందునుంచి వెళ్తుంటే స్పిరిటూ రంగుమందూ కలిసిన వాసన గుప్పుమంది. అన్నీ యంత్రాలే చూసే ఈ రోజుల్లో కూడా ఒకమ్మాయి చేత్తో స్లైడుకు రంగు వేస్తోంది. ఆమె వేళ్ళకంటిన ఊదారంగు చూడగానే రాజమల్లన్న గుర్తొచ్చి అక్కడే ఆగిపోయాను.

ఎనభైల చివర్లో నేను సిద్దిపేటలో డాక్టరుగా కొత్తగా ప్రాక్టీసు పెట్టాను. పక్క గదిలో రక్తపరీక్షలు చేసే రాజమల్లన్న నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. తొగుట నుంచి పొద్దున మొదటి బస్సుకు వచ్చేవాడు. రక్తం తక్కువైనవాళ్ళ స్లైడు ఒక్కటీ పారేసేవాడు కాదు. మూడు మిఠాయి డబ్బాలుండేవి. కణాలు చిన్నవైతే ఒకదాంట్లో, పెద్దవైతే రెండోదాంట్లో, పగిలిపోతుంటే మూడోదాంట్లో దాచేవాడు. నాకదంతా చాదస్తంలా ఉండేది. ఆడమనిషి పాలిపోయి వస్తే కనురెప్ప లాగి చూడటం, ఐరన్ బిళ్ళలు రాయడం, అంతే నా వైద్యం. గుడ్డెద్దు చేలో పడ్డట్టు రాసుకుంటూ పోయేవాణ్ణి.

కిరాణా దుకాణం సుశీలమ్మ కూడా అలాగే వచ్చింది. ఆయాసం, నాలుక మంట, అరికాళ్ళలో తిమ్మిర్లు. రిపోర్టు పై వరుసలో హిమోగ్లోబిన్ ఆరు. అది చూసి బిళ్ళలు రాశాను. వాటిలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. రెండు నెలలకు ఆరు కాస్తా తొమ్మిదయింది. తిమ్మిర్లు తగ్గలేదని ఆమె అంటే, బలం వస్తే అవే పోతాయన్నాను.

ఆమె బయటికి వెళ్తుంటే రాజమల్లన్న పిలిచి ఆపాడు. ఆమె ఎడమ చెప్పు నా గుమ్మం దగ్గరే జారిపోయింది. పది అడుగులు వేసినా ఆమెకు తెలియలేదు. ఆయన ఆ చెప్పు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఎన్ని దినాల సంది ఇట్లయితుందమ్మా?"

"నెల దాటింది. మెట్లు సుత సూసుకుంటనే దిగుతున్న."

కూర్చోబెట్టి ఏం తింటుందో అడిగాడు. ఇంట్లో మాంసం, గుడ్డు ముట్టరు. పాలు పిల్లలకు, పెరుగు మగవాళ్ళకు పోను ఆమెకు మిగిలేది పచ్చడి మెతుకులు.

ఆమెను అక్కడే ఉండమని, నన్ను తన గదిలోకి తీసుకెళ్ళాడు. రెండో డబ్బాలోంచి ఆమె మొదటి స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. "జర సూడుండ్రి సార్. ఇనుము తక్కువైతె కణాలు చిన్నగైతయ్, నడుమ తెల్లవడతయ్. గివి జొన్నలల్ల మక్కగింజల లెక్కున్నయ్."

కాలేజీలో నేను బట్టీపట్టిన పాఠమే. ఆమెకు లేనిది ఇనుము కాదు, మాంసం, గుడ్లు, పాలల్లో దొరికే బి12 విటమిన్. నా బిళ్ళల్లోని ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని పెంచి ఆ లోపాన్ని కప్పేసింది. లోపల నరాలు చెడిపోతూనే ఉన్నాయి.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నా?" అని సిగ్గులేకుండా ఆయన మీదే కోప్పడ్డాను.

ఆయన పాత రిపోర్టు తీసి చివరి వరుస మీద వేలు పెట్టాడు. కణాలు పెద్దవిగా ఉన్నాయని అందులో స్పష్టంగా ఉంది. నేను అక్కడిదాకా చదవనే లేదు.

"రాసిన సార్. రాసి ఊకున్న. వచ్చి చెప్పకపోవుడు నా తప్పే."

నాకు తల కొట్టేసినట్టయింది.

నెలల తరబడి బి12 సూదులు వేశాం. మందు ఎర్రగా ఉండటంతో ఒంట్లోకి రక్తమే ఎక్కుతోందని ఆమె మురిసిపోయేది. ఆయాసం పోయింది, నడక నిలబడింది. అరికాళ్ళలో స్పర్శ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఆనాటి నుంచి రాజమల్లన్న రిపోర్టులు ఎవరితోనూ పంపలేదు. తానే తెచ్చి, నేను చివరి వరుస చదివేదాకా బల్ల పక్కన నిలబడేవాడు. పోయేదాకా ఒక్కసారి కూడా నన్ను ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే నాకు కొంత తేలికయ్యేదేమో.

ఇప్పుడు రిపోర్టులు ఫోనుకే వస్తాయి. నేను వాటిని కింది నుంచి పైకి చదువుతాను. సుశీలమ్మ బతికున్నన్నాళ్ళూ దుకాణంలో లేచినప్పుడల్లా వంగి, కాళ్ళకు చెప్పులున్నాయో లేదో చూసుకునేది. నన్ను చూస్తే చేతులు జోడించేది. "మీ చలవతోనే నడుస్తున్న డాక్టరు సాబ్" అనేది. జరిగింది ఆమెకు చెప్పాలని ఎన్నోసార్లు ఆ దుకాణం దాకా వెళ్ళాను. ప్రతిసారీ పావుకిలో చక్కెర కొనుక్కుని తిరిగొచ్చాను.