నేను పీల్చిన ఊపిరి

పన్నెండేళ్లుగా ఒక మాట గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా అక్క మొగుడు, మా బావ, తమిళనాట పెన్నాగరం చుట్టుపక్కల బావుల్లో మునిగేవాడు. బావిలో మోటారు జారిపడితే అందరూ ఆయన్నే పిలిచేవాళ్లు. సిలిండరు లేదు, గొట్టం లేదు. ఒక్క గుక్క ఊపిరి, నడుముకు తాడు, అంతే. గట్టు మీద తాడు పట్టేది నేను. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. కిందివాడు మునగగానే పైవాడు కూడా ఊపిరి బిగబట్టాలి. ఇక ఆగలేననిపించగానే లాగాలి. పైవాడి దమ్ము తక్కువ కాబట్టే కిందివాడు బతుకుతాడు.

ఆ రోజు పొద్దుటి నుంచి వాన. నీళ్లు ఇంకా పెరిగితే అడుగునున్న మోటారు అందదు.

“వానలో వద్దు బావా. నీళ్లు కలకబారినాయి, అడుగు కానరాదు,” అన్నాను.

“నువ్వు తాడు పట్టుకోరా, చాలు. దానికీ దమ్ము లేదంటే మీ అక్కను పిలుస్తా.”

గట్టు మీదున్న కూలివాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అది మొదటిసారి కాదు. పెళ్లింట్లో, చావింట్లో, టీకొట్టు దగ్గర, నలుగురు కనిపిస్తే చాలు, ఆయనకు నా దమ్మే గుర్తొచ్చేది. ఉండు, నీ దమ్మెంతో చూస్తాను అనుకున్నాను. ఆయన మునిగాడు. నేను బుగ్గలు ఉబ్బించి, ముక్కుతో హాయిగా గాలి పీలుస్తూ నిలబడ్డాను. ఆ వానలో ఎవరు చూస్తారు? ఎంతసేపో నాకే తెలియదు. తాడు కదలడం మానేసింది. అప్పుడు లాగాను.

బతికాడు. ముఖం నీలమైంది, చెవిలోంచి నెత్తురు కారింది. మళ్లీ ఎప్పుడూ మునగలేదు. తన దమ్మే తనను మోసం చేసిందని నమ్మాడు. ఇప్పుడు నల్లంపల్లి దగ్గర ఇటుకలు మోస్తూ, బామ్మర్ది లాగబట్టే బతికానని కనిపించినవాడికల్లా చెబుతాడు. దీపావళికి నాకు పంచె తెస్తాడు. ఆ పంచె చూస్తే నాకు మళ్లీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీద కోపం ఇది? ఒక్కసారి పాత ఎగతాళి చేసినా నాకు కాస్త ఊరటగా ఉండేది, ఆ దుర్మార్గుడు అదీ చేయడు. చంపాలనుకున్నానా? లేదు. ఏమో, ఆ కాసేపు అనుకున్నానేమో.

ఆయనకు తమిళం తప్ప చదవడం రాదు. నేను కుప్పంలో మేనమామ ఇంట్లో ఉండి తెలుగు నేర్చుకున్నాను. ఆయన చదవలేడని తెలిసే ఈ అక్షరాల్లో రాస్తున్నాను. పిరికివాణ్ణి. అయినా రాశాను. ఆ రోజు నేను ఊపిరి పీల్చాను.