మా ఇంటి మీద పడని వడగళ్ళు

మా వదిన ఉద్యోగం ఏమిటని అడిగితే ఇరుగుపొరుగు వాళ్ళు "ఆఫీసులో కూర్చుని రంగులు వేస్తుంది" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వాతావరణ ఆఫీసు ఆమెది, ఎండాకాలం వచ్చిందంటే దేశం పటం మొత్తం ఆమె ముందు ఉంటుంది. కింద ఉక్క ఎక్కడ పోగవుతోంది, పైన చల్లగాలి ఎటు తోసుకొస్తోంది, ఆ రెండూ ఎక్కడ కలబడతాయి అని చూసుకుని, మామూలు ఉరుములకు పసుపు, వడగళ్ళూ పెనుగాలీ వచ్చే చోట ఎరుపు వేస్తుంది. ఆ రంగులు చూసే విమానాలు దారి మార్చుకుంటాయి, బడులు ఆటలు మానుకుంటాయి. అన్నం తింటూ కూడా ఆమె కళ్ళు కిటికీ వైపే. "కాపురానికొచ్చింది నా దగ్గరికా, ఆకాశం దగ్గరికా" అని మా అన్నయ్య ఆటపట్టిస్తాడు.

ఈ వేసవిలో ఆమె మీద పడ్డ నింద తూర్పున ఉన్న రాతి మెట్ట గురించి. అక్కడ ఊళ్ళు తక్కువ. ఇటుక బట్టీలు, గొర్రెల మందలు, అంతే. రాడార్ చూపు కూడా అంత దూరం అందదు. వదిన అక్కడ రెండుసార్లు ఎరుపు వేసింది, రెండుసార్లూ వాళ్ళ పెద్దసారు తప్పు కొట్టాడు. గాలివాన వచ్చిందని జనం ఆఫీసు వెబ్‌సైటుకి ఫోటోతో కబురు పెడితే వచ్చినట్టు, పెట్టకపోతే రానట్టు. అదీ ఆ ఆఫీసు పద్ధతి. పట్నంలో కారు మీద గోలీకాయంత రాయి పడితే చాలు, ఫోటోలు గుట్టలుగా వెళ్తాయి. మెట్ట మీద కప్పులు ఎగిరిపోయినా ఒక్కటీ వెళ్ళదు. ఫోటో లేని మనుషుల మీద వాన కురవదని తేల్చిన పెద్దలకు దండం పెట్టాలి.

"ఇంకోసారి తప్పితే పటం వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను" అని పెద్దసారు చెప్పేశాడు.

వదిన ఊరుకోలేదు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి మెట్ట మీద ఒక బట్టీ మేస్త్రీ నంబరు సంపాదించింది. స్పీకరు పెట్టి మాట్లాడుతుంటే నేనూ విన్నాను.

"మొన్న అక్కడ వడగళ్ళు పడ్డాయా అండీ?"

"పడ్డాయా ఏంటమ్మా. రేకులన్నీ లేచిపోయాయి. మా ఆవిడ చెయ్యి విరిగింది."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పాలి? అడిగినవాళ్ళెవరు?"

"ఈసారి నేను ముందే ఫోన్ చేస్తాను. అక్కడ సిమెంటు గది ఏదైనా ఉంటే అందర్నీ అందులోకి పంపెయ్యండి. వాన తగ్గాక మా వెబ్‌సైటులో ఫోటోలు పెట్టండి" అంది.

"వెబ్‌సైట్లవీ మాకు చేతకావమ్మా. ఫోన్లో అయితే పంపుతాం."

పటం వేసేవాళ్ళు స్వయంగా కబురు పెట్టకూడదట. అందుకని వదిన నా నంబరు ఇచ్చింది.

వారం తిరక్కుండానే అలాంటి రోజు వచ్చింది. పెద్దసారు వద్దంటున్నా వదిన మెట్ట మీద ఎరుపు వేసింది, మేస్త్రీకి ఫోన్ చేసి చెప్పింది. సాయంత్రం నేను మిషను ముందు కూర్చుని దిండు గలీబులు కుడుతుంటే ఫోటోలు రావడం మొదలైంది. బట్టీల నుంచి, గొర్రెల కాపరుల నుంచి, లారీ డ్రైవర్ల నుంచి. నిమ్మకాయంత రాళ్ళు. జల్లెడలైపోయిన రేకులు. ఒక ఫోటోలో సిమెంటు గది నిండా మనుషులు, ఒళ్ళో పిల్లలు. చివర్లో మేస్త్రీ ఫోన్ చేసి, "అందరం బాగున్నామమ్మా. మీ వదినగారితో చెప్పండి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా వెబ్‌సైటులోకి ఎక్కించాను.

మర్నాడు వదిన ఇంటికొచ్చి బ్యాగు బల్ల మీద పడేసింది.

"మన వీధిలో వడగళ్ళు పడ్డాయట" అంది.

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం. నువ్వే కదా కబురు పెట్టావు."

ఆ వెబ్‌సైటు ఫోటో ఎక్కడిదని అడగదు. పంపిన ఫోన్ ఎక్కడుంటే గాలివాన అక్కడే. పైగా అన్నీ ఒకే ఇంటినుంచి వచ్చాయని కలిపేసి ఒకే కబురుగా రాసుకుంది. దాంతో వదినకి రెండు తప్పులు పడ్డాయి. ఎరుపు వేసిన మెట్ట నుంచి కబురు లేదు. కబురున్న మా వీధికి ఆమె పసుపైనా వెయ్యలేదు.

"సార్, ఆ ఇల్లు మాదే, చినుకు కూడా పడలేదు అని చెప్పాను. రికార్డులో ఉందమ్మా అన్నాడు" అంది వదిన.

ఫోటోల్లో వెనక బట్టీ గొట్టం నిటారుగా కనిపిస్తూనే ఉంది. మా వీధిలో ఇటుక బట్టీ ఎక్కడుందో ఆ మహానుభావుడే చూపించాలి. అన్నం తింటున్నాడో గడ్డి తింటున్నాడో నాకైతే తెలియదు.

పటం చేతులు మారింది. కొత్తగా కుర్చీ ఎక్కినాయనకు మాట పడడం ఇష్టం లేదు. మర్నాడు రికార్డు చూసుకుని మా పేట మీద దట్టంగా ఎరుపు వేసి, మెట్టని ఖాళీగా వదిలేశాడు. బడి మూసేశారు. మా వీధివాళ్ళు కార్లకి దుప్పట్లు కప్పారు. ఎదురింటావిడ మేడ మీది పూలకుండీలన్నీ ఆయాసపడుతూ లోపలికి మోసుకుంది. నెత్తిమీద ఎండ పేలిపోతోంది.

వదిన అలవాటు కొద్దీ పొద్దున్నే గాలి లెక్కలు చూసుకుంది. కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు తూర్పు వైపు చూసింది. తర్వాత ఫోన్ తీసింది.

"మేస్త్రీగారూ, ఇవాళ పటంలో మీరు లేరు. పనివాళ్ళందర్నీ సిమెంటు గదిలోకి పంపెయ్యండి."