నాలుగో పాలపన్ను

పుత్తూరులో మా పాప పళ్లు చూసే క్లినిక్‌లోని ఆయమ్మ పోయిందని మొన్న మంగళవారం డాక్టరుగారే ఫోన్ చేసి చెప్పారు. ఆమె ఇంటికి వెళ్దామని పాపతో వడమాలపేటలో బస్సెక్కుతుంటే నాకు మొదట గుర్తొచ్చింది ఆ నాలుగో పన్ను. చావు కబురు విని పన్ను గురించి ఆలోచించినందుకు సిగ్గేసింది.

మూడేళ్ల కిందట పాపకు తొమ్మిదేళ్లు. ముందుపళ్లు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయని, చోటు కోసం నాలుగు పాల కోరపళ్లూ తీయాలన్నారు. కదలని పళ్లు పీకించడానికి నాకు మనసొప్పలేదు. ఆయమ్మ పాప తలను తన పొట్టకు ఆనించుకుని, "ఇయ్యి అద్దెకున్నోళ్లు తల్లీ. ఖాళీ సేస్తేనే గదా సొంతోళ్లొచ్చేది," అంది. ఏడుపు మధ్యలోనే పాప నవ్వేసింది.

తీసిన పళ్లను ఆమె చెత్తబుట్టలో వేయనిచ్చేది కాదు. మనం ఇళ్లలో చేసినట్టే పేడముద్దలో పెట్టి పైకి విసరాల్సిందే. డాక్టరు కసురుతున్నా మిద్దెమీద ఒక చిప్పలో పేడ దాచుకునేది. పక్క షెడ్డు రేకుల మీదికి విసిరి, "పడిన సద్దు ఇనపడితేనే పన్నొస్తాది," అని చెవి ఒగ్గి నిలబడేది. ఆ రోజు మూడుసార్లు టప్‌మంది. నాలుగోసారి చేయి విసిరింది గానీ ఏమీ వినపడలేదు.

"పడిందా?" అన్నాను.

"పడింది లేమ్మా," అని దిగిపోయింది.

మూడు కోరపళ్లు వచ్చాయి. పైవరసలో ఎడమది రాలేదు. ఎక్స్‌రేలో అడ్డంగా పడుకుని ఉంది, దిగకపోతే ఆపరేషనే అన్నారు. పాప నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మేమెప్పుడు వెళ్లినా ఆయమ్మ ఆ చోట వేలితో తడిమి, "ఇంగా రాలేదా?" అని ముఖం తిప్పుకునేది.

బస్సు దిగి ఆయమ్మ ఇంటికి చేరాక ఆమె చెల్లెలు నా చేతిలో ఒక వక్కాకు డబ్బా పెట్టింది. లోపల రెండు పాల కోరపళ్లు, ఒకే పోలిక.

"ఒగటి మా అక్క కూతురిదమ్మా, ఎనిమిదేండ్లకే పోయింది. ఇంగొగటి మీ పాపది. అచ్చం నా బిడ్డదాని మాదిరే ఉండాది, ఇసరబుద్ధి కాలేదని అక్క శానా ఏడ్సింది. తప్పైందని సెప్పమనింది."

"మా పాపది యాది?"

"అది అక్కకే తెలుసు."

నాకు కోపం రాలేదు. ఆ రోజు పళ్లు పీకుతుంటే చూడలేక నేను బయటికొస్తే నా బిడ్డను పట్టుకున్న చేతులవి.

వచ్చేదారిలో పాపా నేనూ క్లినిక్ మిద్దె ఎక్కాం. ఆయమ్మ పోయే ముందు నెల రోజులు మంచానే ఉందన్నారు. చిప్పలో పేడ మాత్రం పచ్చిగా ఉంది. పళ్లను రెండు పేడముద్దల్లో పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి రెండూ విసిరాను. మొదటిది టప్‌మంది. రెండోదానికి సద్దు లేదు.

"మా, పడింది నాదేనా?" అంది పాప, చిగుళ్ల మీద వేలు పెట్టుకుని.

కింద రేకుల మీద ఒక్క పేడముద్దే ఉంది.