అల్మాస్‌గూడ హ్యాండిల్స్ పెండింగ్

నిన్న నేను చేసిన ఘనకార్యం వింటే, ఈ టీ కప్పు కూడా నా చేతిలోంచి లాక్కుంటారు మీరు.

మాది ఎల్బీనగర్‌లో మాడ్యులర్ కిచెన్లు బిగించే చిన్న ఆఫీసని తెలుసుగా. పనులన్నీ వెనకబడుతున్నాయని ఈమధ్య నేనే పట్టుబట్టి అందరి ఫోన్లలో ఒక ప్రాజెక్ట్ ప్లాన్ పెట్టించాను. ఎవరి పని వాళ్ల పేరు మీద ఉంటుంది. అయిపోతే టిక్ కొట్టాలి. కొట్టకపోతే పొద్దున్నే ఫోన్ మోగి గుర్తుచేస్తుంది. ఉత్తినే గుర్తుచేస్తే ఏం బాగుంటుంది, కాస్త హుషారు రావాలి కదా అని మెసేజ్ కూడా నేనే రాశాను. "లేవండి! మీ పని మీకోసం ఎదురుచూస్తోంది. మీరు లేనిదే మా టీమ్ లేదు!" రాసి మురిసిపోయాను కూడా.

మా ఫిట్టర్ యాకోబన్నకి మాత్రం ఇది ఎక్కలేదు. పని అవగానే నాకు ఫోన్ చేసేవాడు.

"అయిపోయింది మేడమ్."

"నోటితో కాదన్నా, టిక్ కొట్టాలి."

"కొడ్తలే మేడమ్."

కొడితే ఒట్టు. ఆఖరికి విసుక్కుంటూ నేనే కొట్టేదాన్ని.

పోయిన నెల యాకోబన్న గుండెపోటుతో పోయాడు. ఆఫీసంతా ఏడ్చాం. ఆయన సైట్లన్నీ వేరేవాళ్ల పేరు మీదకి నేనే మార్చాను. అన్నీ మార్చాననే అనుకున్నాను.

నిన్న ఆయన భార్య సువార్తక్క వాళ్ల తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చింది. తమ్ముడి భుజాన యాకోబన్న పనిముట్ల సంచి.

"మేడమ్, అల్మాస్‌గూడల ఏందో పని బాకీ ఉన్నదంట. పొద్దుగాల్నే ఆయన ఫోన్ మోగుతది, లేవండి అంటది. ఏమొచ్చిందే అని మా అత్తమ్మ అడుగుతది, సదివి చెప్తే ఏడుస్తది. ఆయన ఎవ్వరి పనీ సగంల ఇడిచిపెట్టేటోడు కాదు. గా పని ఏందో చెప్పుండ్రి, మా తమ్ముడు చేసిపోతడు. ఆయనకు మాట రావొద్దు."

ప్లాన్ తెరిచి చూస్తే ఒకే ఒక్క లైను ఆయన పేరు మీద మిగిలిపోయింది. అల్మాస్‌గూడ ఫ్లాట్, అల్మారా హ్యాండిల్స్. గడువు దాటి ఎర్రగా ఉంది. ఎర్ర లైన్లు రోజూ చూసి చూసి నా కళ్లు వాటిని దాటిపోవడం నేర్చుకున్నాయి.

అక్కడికక్కడే ఆ ఫ్లాట్ ఆవిడకి స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను.

"హ్యాండిల్సా? యాకోబ్ గారు ఎప్పుడో బిగించేశారండి. ఒకటి వదులుగా ఉందంటే మళ్లీ వచ్చి మరీ సరిచేసి వెళ్లారు. ఆయన బాగున్నారా?"

సువార్తక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చేసిండు కదా మేడమ్?" అంది.

"చేశాడక్కా. తప్పంతా నాదే."

చప్పున టిక్ కొట్టాను. ఆమె చేతిలో ఉన్న యాకోబన్న ఫోన్ మోగింది. పని పూర్తయితే వెళ్లే మెసేజ్ ఒకటుంది, అదీ నేను రాసిందే. తమ్ముడు పైకి చదివాడు. "శభాష్! మీ పని పూర్తయింది. ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి."

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండనిపించింది. సువార్తక్క మాత్రం ఫోన్ తీసుకుని, తనే ఇంకోసారి మెల్లగా చదువుకుంది. "అత్తమ్మకు సదివి ఇనిపిస్త" అని లేచింది.

వాళ్లు వెళ్లాక వాష్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను. యాకోబన్న బతికుండగా ఆ ముక్క చదివి ఉండడు, టిక్‌లన్నీ నేనే కొట్టి, ఆ మెసేజ్ ఆయనకి వెళ్లకుండా ఆపేసేదాన్ని కదా, నిన్న కంగారులో ఆపడం మర్చిపోయాను. పోనీ, ప్రతిసారీ ఫోన్ చేసి మరీ అయిపోయిందని చెప్పిన మనిషికి శభాష్ అని ఒక్కసారి నోటితో అనొచ్చుగా. అనలేదు. టీమ్‌కి ఉత్సాహం నింపే మేడమ్‌ని మరి, తీరికెక్కడిది.