మూడో దశలో సాక్ష్యం

మా నాయన మా అమ్మ మాటకు తల ఊపడం మొదలుపెట్టిన ఏడాది ఇంట్లో ఎంత ప్రశాంతంగా గడిచిందో చెప్పలేను. అంతకుముందు ఆయన దేనికీ ఒప్పుకున్న పాపాన పోలేదు. వానొస్తోందని అమ్మ అంటే బయటికెళ్లి తడిసొచ్చి మరీ కాదనేవాడు. అలాంటి మనిషి ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. ఆమె ఏం చెప్పినా ఆయన తల అవును అవును అన్నట్టు సన్నగా కదిలేది. చర్చిలోనూ అంతే. మగవాళ్ల వైపు చాపల మీద సగంమంది కునుకు తీస్తుంటే మా నాయన ఒక్కడే వాక్యానికి తల ఊపుతూ కనబడేవాడు. ఆ ఉత్సాహంతో పాస్టరు అయ్యగారు ప్రసంగాన్ని అన్నం వేళ దాటించేవాడు. ఊరి ఆకలికి మా ఇల్లే కారణమని అప్పట్లో మాకు తెలియదు.

చిక్కల్లా బేరాల దగ్గర వచ్చింది. నాయన కూలీల ముఠాకు మేస్త్రీ. త్రిపురాంతకం చుట్టుపక్కల రైతులతో మిరప కోతకు రేటు మాట్లాడేది ఆయనే. రైతు ఒక తక్కువ రేటు చెప్పి, నాయన తల చూసి, "మేస్త్రీ ఒప్పుకున్నాడు" అని తువ్వాలు దులుపుకుని లేచేవాడు. ముఠాలో ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏందన్నా, ఆయన అడగడం ఆలస్యం, తల ఊపితివి? ఇంటికాడ వదిన నేర్పిందా?"

"నేను యాడ ఊపినానమ్మా?" అంటూ నాయన తల ఊపాడు.

ఆ రోజుల్లోనే మా ఊరి బడిలో ఆరోగ్య శిబిరం పెట్టారు. కళ్లద్దాలు ఊరికే ఇస్తారంటే నాయన పోయాడు. తల ఊపి దేనికి సంతకం పెట్టి వస్తాడోనని అమ్మ, చూడ్డానికి బాగుంటుందని నేను వెంట వెళ్లాం. నర్సమ్మ ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టి, అంకెలు చూసి, మిషన్ నెత్తిన రెండు తగిలించింది. పై అంకె కొండ మీద ఉంది, కింది అంకె బావిలో ఉంది. ఇంకో మిషన్ తెచ్చినా అదే మాట. అప్పుడు కుర్ర డాక్టరు వచ్చి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత నాయన తలకేసి చూశాడు.

"ఇది ఎప్పట్నుంచి ఇట్ల ఊగుతోంది?"

"ఏడాదయింది సార్," అంది అమ్మ సంబరంగా. "మంచిగా మారినాడు."

"మారలేదమ్మా. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఊగుతోంది."

పాతికేళ్ల సంసారంలో ఆమెకు దక్కిన ఒకే ఒక్క విజయం జబ్బు లక్షణమని తేలిపోయింది.

మార్కాపురంలో ఎకో అనే గుండె స్కాను తీయించాం. గుండె డాక్టరు ఓపికగా చెప్పాడు. గుండె నుంచి పెద్ద రక్తనాళంలోకి పోయే దారిలో ఒక వాల్వు ఉంటుందట. రక్తం పోగానే అది మూసుకోవాలి. నాయనది సరిగా మూసుకోక, పోయిన రక్తంలో కొంత వెనక్కి వస్తోంది.

"మా మేకల దొడ్డి తడిక మాదిరి," అన్నాడు నాయన.

డాక్టరుకు ఆ పోలిక నచ్చింది. ఈ జబ్బుకు నాలుగు దశలన్నాడు. మొదటిది, ముందుముందు రక్తం వెనక్కి కారే ప్రమాదం ఉండటం. నాయన చిన్నప్పుడు కీళ్ల జ్వరంతో మంచం పట్టాడు, బహుశా అక్కడే మొదలైంది. రెండోది కొద్దిగా కారడం. ఆ కాలంలో ఆయన పెళ్లి చేసుకుని నన్ను కన్నాడు, అవి కారణాలు కావని డాక్టరు హామీ ఇచ్చాడు. మూడోది బాగా కారుతున్నా మనిషికి ఏమీ తెలియకపోవడం. నాయన అక్కడున్నాడు. నాలుగోదానిలో ఆయాసం, నీరసం, కాళ్ల వాపు. "మందులేసుకోండి. కొన్ని నెలలకు మళ్లీ ఎకో తీస్తాం. గుండె సాగి పెద్దదవుతున్నట్టు కనబడితే, మీకు ఏ బాధా లేకపోయినా ఆపరేషన్ చేయాల."

బాధ లేని జబ్బును మా ఊరు ఎన్నడూ చూడలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు బ్రెడ్డు ప్యాకెట్లు పెట్టి, నాయన పెరట్లో కట్టెలు కొడుతుంటే చూసి, ఏం పలకరించాలో తెలియక తిరిగి పోయారు. స్త్రీల సమాజంవాళ్లు శుక్రవారం ఉపవాస ప్రార్థన చేశారు. శనివారం నాయన కంది బస్తా భుజానికెత్తుకుని రోడ్డు దాకా నడిచాడు.

"చూడరా, ఆయాసం రాలేదు."

"మొన్న గూడా రాలేదు గద నాయనా."

"మొన్న ప్రార్థన కాలేదు గదరా!"

ఆ లెక్కకు ఎదురు చెప్పగలవాడు మార్కాపురం కాలేజీల్లో కూడా లేడు. ఆదివారం ఆయన సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. దేవుడు చేసిన మేలును అందరి ఎదుటా చెప్పుకోవడమే సాక్ష్యం. గుండె బాగైపోయిందన్నాడు. చప్పట్లు, స్తోత్రాలు.

రెండో ఎకోలో గుండె సాగింది. "ఇక ఆగొద్దు," అన్నాడు డాక్టరు. "నాలుగో దశ దాకా పోతే, వాల్వు మార్చినా గుండె పూర్తిగా కోలుకుంటుందని చెప్పలేను."

తిరుగు బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు.

"నేను పోను."

"ఎందుకు?"

"సాక్ష్యం చెప్పినా గదరా."

"దేవునికి ఎకో చదవడం వచ్చులే నాయనా."

ఆయన నవ్వలేదు. "నన్ను నవ్వితే నవ్వనీ. ఇప్పుడు పోయి గుండె కోయించుకుంటే దేవుణ్ణి నవ్వుతారు."

ఇంట్లో ఇది విని అమ్మ పొయ్యి ముందు నుంచి లేచింది. "ఆయన పరువుకు నువ్వేంది, కావలోడివా? ఆయన చూసుకుంటాడు. పోయేది నీ పరువని చెప్పు. నువ్వు పోతే నేనేం గావాల?" నాయన తల కదిలింది. ఈసారి ఆమె దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ వారమంతా నేను వేసిన జోకులన్నీ బ్రెడ్డు ప్యాకెట్ల పక్కన పడి ఎండిపోయాయి. ఆదివారం సాక్ష్యాల వేళ ఆయన లేచాడు.

"పోయినసారి తొందరపడి చెప్పినాను. బాగైందనుకుంటి. కాలేదు. గుండె కోస్తారంట. నాకు భయంగా ఉంది. ప్రార్థన చేయండి."

నేను చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాను. ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలవ్వ గొంతు లేచింది.

"మరి అప్పుడు చప్పట్లు కొట్టిస్తివే?"

"వెనక్కి తీసుకో అవ్వా."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. అయ్యగారు గొంతు సవరించుకుని, "ఇకనుంచి గుండె సాక్ష్యాలు స్కాను అయినాకనే చెప్పుకుందాం," అని ప్రార్థనకు మోకరించాడు. ఆ మరుసటి వారమే గుంటూరు బస్సెక్కాం. ముసలవ్వ కూడా రోడ్డు దాకా వచ్చి, "భయపడకు నాయనా, నిద్రలో కోస్తారంట," అని ధైర్యం చెప్పింది. దాంతో గుంటూరు దాకా నాయన ఛాతీ మీద నుంచి చెయ్యి తీయలేదు.

కొత్త వాల్వుతో, ఛాతీ మీద పొడుగాటి గీతతో తిరిగొచ్చాడు. నడక మొదలుపెట్టి చర్చికి వచ్చిన మొదటి ఆదివారం అయ్యగారు ఆశగా అటే చూశాడు.

"అన్నా, సాక్ష్యం ఏమన్నా..."

నాయన కూర్చున్న చోటు నుంచే చెయ్యెత్తాడు.

"వచ్చే నెల ఎకో ఉంది అయ్యగారూ. చూపిచ్చుకోనొచ్చి చెప్తా."